రంగు వెయ్యను, కానీ నడిపిస్తాను

పోయిన దసరాకి మా తమ్ముడు హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు, భోజనాలయ్యాక, బల్ల మీదున్న బొమ్మ రైలింజన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అన్నయ్యా, దీన్ని గాజువాకలో బైకులకి రంగులేసే అతనికిచ్చెయ్. పాతదంతా గీకేసి స్ప్రే కొట్టి కొత్తదానిలా చేసిచ్చేస్తాడు. నాన్న డెబ్బై అయిదో పుట్టినరోజుకి గాజుపెట్టెలో పెట్టి ఇద్దాం" అన్నాడు. ఆలోచన మంచిదే. ఖర్చు కూడా తనే పెట్టుకుంటానన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ రోజు మొదలైన వాదన, ఇంజను నడవడం మొదలుపెట్టాక కూడా ఆగలేదు. ఫోన్లో తేలే వ్యవహారం కాదని ఇక్కడ రాస్తున్నాను.

ముందు వస్తువు సంగతి. జానెడు పొడవు కూడా లేని నల్ల ట్యాంకు ఇంజను. వెనకాల టెండరు లేకుండా, బొగ్గూ నీళ్లూ తన ఒంటి మీదే మోసుకునే రకం. పక్కన 69567 అని నంబరు. లివర్‌పూల్‌లో బిన్స్ రోడ్డు ఫ్యాక్టరీలో తయారైన హార్న్‌బీ డబ్లో. మెకానో అనే బిగింపు బొమ్మల సెట్టు కనిపెట్టిన ఫ్రాంక్ హార్న్‌బీ కంపెనీయే ఇది. ఈ చిన్న సైజు రైళ్లు 1938లో వచ్చాయి, ఆయన పోయిన రెండేళ్లకి. 'డబుల్ ఓ' అన్న సైజు పేరే నోట్లో నలిగి 'డబ్లో' అయింది. 1964లో కంపెనీ పోటీదారుల చేతికి వెళ్లిపోయింది. మాది యాభైల్లో వచ్చిన మూడు పట్టాల రకం. నడుమ పట్టా నుంచి కరెంటు తీసుకుని, చక్రాల మీదుగా బయటి పట్టాల్లోకి తిప్పి పంపుతుంది. 12 వోల్టుల డీసీ చాలు.

ఇక్కడో చిన్న ముచ్చట. బయటి పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. అంటే దాదాపు సరిగ్గా నూరో వంతు. ఇంజను ఒళ్లు మాత్రం అసలుదాంట్లో డెబ్బై ఆరో వంతు. ఇంగ్లండు వాళ్ల పట్టాలు మనవాటికన్నా ఇరుకు, బొమ్మలో ఇంకా ఇరుకు చేసేశారు. మా మావయ్య స్కేలు పెట్టి కొలిచి, "పట్టా మనది, పెట్టె వాళ్లది" అని నవ్వాడు. ఆయన సంగతి తర్వాత వస్తుంది.

మా తాత విశాఖ పోర్టులో టాలీ క్లర్కు. ఓడలోంచి దిగే సరుకూ ఎక్కే సరుకూ లెక్కరాసే పని. ఓ ఓడ ఇంజనీరు వెళ్తూ వెళ్తూ ఇచ్చిన నీలం అట్టపెట్టె అది. లోపల ఇంజను, మూడు వ్యాగన్లు, ఎనిమిది వంపు పట్టాలు. ఎనిమిదీ కలిపితే ఒక గుండ్రం. కంట్రోలరు లేదు. తాతకి తెలిసిన లారీ డ్రైవరు ఉండేవాడు, ఆదివారం పూట బండి ఖాళీగా ఉంటే దాని బ్యాటరీ దింపి, వన్‌టౌన్‌లో మా ఇంటి అరుగు మీదకి తెచ్చేవాడు. రెండు వైర్లు తగిలిస్తే చాలు, ఇంజను పరుగు. అప్పుడు మా నాన్నకి తొమ్మిదేళ్లు. వేగం తగ్గించే ఏర్పాటు లేదు కాబట్టి ఇంజను ఎప్పుడూ ఒకటే దౌడు. వంపులో రెండుసార్లు అరుగు మీంచి కిందపడింది. ముందు బఫరు, అంటే ఢీకొంటే దెబ్బ ఆపే గుండ్రటి బిళ్ల, ఒకటి వంకరపోయింది, ఇప్పటికీ వంకరే.

ఇంకో గుర్తు ఉంది. ఇంజను వెనక, బొగ్గు పోసే తొట్టి బయటి గోడ మీద మేకుతో గీసిన అక్షరం: ప. నాన్న పేరులో మొదటి అక్షరం. తాత ఈ పని చూసి బెల్టు తీశాడట. నాన్న ఆ కథ చెప్పేటప్పుడు ఇప్పటికీ ఎడం మోచేయి రుద్దుకుంటాడు. ఆ 'ప'కి తలకట్టు లేదు. గీస్తుండగానే దొరికిపోయాడు.

రంగు గీకేస్తే మొదట పోయేది ఆ అక్షరమే. నా వాదనలో సగం ఇక్కడే అయిపోయింది. కానీ తమ్ముడు దానికి జవాబు రెడీగా ఉంచాడు: "ఫొటో తీసి దాచుకో." మిగతా సగం అందుకే చెప్పాలి.

మేం వన్‌టౌన్ వదిలి అద్దె ఇళ్లు మారుతూ మారుతూ ఎంవీపీ కాలనీకి వచ్చాం. పెట్టె కూడా మాతో పాటు తిరిగింది. నా చిన్నప్పుడు సంక్రాంతికి ఓసారి బయటికి తీసేవాళ్లం. నడిచేది కాదు, చూసి లోపల పెట్టడమే. అమ్మ ప్రతిసారీ చక్రాలకి నాలుగు చుక్కలు కొబ్బరినూనె రాసేది. సముద్రపు గాలికి ఇనుము తుప్పు పట్టకుండా ఇంట్లో కత్తిపీటకి ఏం రాస్తామో, దీనికీ అదే. తర్వాత 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుపాను. వైజాగులో అందరిళ్లలోనూ ఆ రోజుకి ముందు, ఆ రోజుకి తర్వాత అని రెండు లెక్కలుంటాయి. మా వెనక గది కిటికీ చట్రంతో సహా ఊడి లోపల పడింది. బీరువా మీదున్న నీలం పెట్టె రాత్రంతా నానింది. కరెంటు, నీళ్లు, పాలు దొరకని ఆ రోజుల్లో బొమ్మ రైలు ఎవరికి గుర్తుంటుంది? రెండు వారాల తర్వాత తెరిస్తే అట్టపెట్టె గుజ్జయిపోయింది, రేకు పట్టాలు ఎర్రగా తుప్పెక్కాయి, చక్రాలు బిగుసుకుపోయాయి.

పదేళ్లు అలాగే ఉంచాను. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది.

పోయినేడు దాన్ని ముట్టుకున్నప్పుడు నేను చేసిన మొదటి పని, ఫోన్లో కొత్త మోటారు కోసం వెతకడం. చిన్న చిన్న డీసీ మోటార్లు మూడు నాలుగు వందలకే దొరుకుతున్నాయి. పాత మోటారు పీకి అది పెట్టేస్తే పనైపోతుంది అనుకున్నాను. ఆర్డరు పెట్టేవాణ్నే. ఆ సాయంత్రం కంచరపాలెం నుంచి మావయ్య వచ్చాడు. మా అమ్మ తమ్ముడు. వాల్తేరు డీజిల్ షెడ్డులో ట్రాక్షన్ మోటార్ల సెక్షన్లో ముప్పై ఏళ్లకి పైగా చేసి రిటైరయ్యాడు. ఇంజన్ని చేతిలోకి తీసుకుని, అడుగున చూసి, కళ్లజోడు పైకి నెట్టి, "ఏటిరా ఇది, చీమలకి చేసిన ట్రాక్షన్ మోటారు లాగుంది" అన్నాడు. పాత డీజిల్ ఇంజన్లలో చక్రాలు తిప్పేవీ డీసీ మోటార్లే. లోపల తిరిగే తీగ చుట్ల ఆర్మేచరు, దాని కొసన కరెంటు అందుకునే కమ్యుటేటరు, దానికి ఆనుకుని కరెంటిచ్చే కార్బన్లు, అన్నీ అవే. అక్కడ ఒక్కో మోటారు ఎత్తడానికి క్రేను కావాలి, ఇక్కడ రెండు వేళ్లు చాలు. నేను ఫోన్లో కొత్త మోటారు చూపిస్తే తల అడ్డంగా ఊపాడు. "ముందు కొలవరా, తర్వాత కొందువుగాని."

అప్పటి నుంచీ ఈ విషయంలో నాకు గురువు ఆయనే. పాత యంత్రం పాడైనప్పుడు మనవాళ్లు చేసే తప్పు ఇదే. ఏది పాడైందో తెలుసుకోకుండా మొత్తం మార్చేస్తాం. మెకానిక్కులు కూడా బోర్డు మార్చాలండీ, సెట్ మార్చాలండీ అంటారు. అది బాగుచెయ్యడం కాదు. వైద్యుడు రోగం చూడకుండా మనిషిని మార్చినట్టు.

ముందు జిడ్డు. ఏళ్ల తరబడి రాసిన కొబ్బరినూనె దుమ్ముతో కలిసి బెల్లంపాకంలా గట్టిపడింది. ఇరుసు మీదున్న ఇత్తడి పళ్లచక్రం చుట్టూ పచ్చగా చిలుము. అమ్మ మీద నాకేం కోపం లేదు. ఆ నూనే లేకపోతే ఇరుసులు ఎప్పుడో తుప్పుకి పోయేవి. కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో మూడు సాయంత్రాలు తుడిచాను. మళ్లీ వేసింది కుట్టుమిషను నూనె, అది కూడా గుండుసూది మొనతో, ఒక్కో బుష్‌కి ఒక్కో చుక్క.

తర్వాత కమ్యుటేటరు. రాగి గొట్టాన్ని మూడు ముక్కలుగా చీల్చి, మధ్యలో సన్న సందులు వదిలినట్టుంటుంది. ఆ సందుల్లో కార్బన్ పొడి కూరుకుపోతే ఒక ముక్కలోంచి ఇంకోదానికి కరెంటు దొడ్డిదారిన వెళ్లిపోతుంది. నేను ఎమరీ పేపరు తీస్తే మావయ్య చెయ్యి పట్టుకున్నాడు. ఎమరీ పొడి రాగిలో దిగబడిపోతుంది, కార్బన్లని తినేస్తుంది, సందుల్లో ఇరుక్కుంటే కరెంటు కూడా పారుతుంది, షెడ్డులో కమ్యుటేటరు దగ్గరికి ఎమరీని రానివ్వరు అన్నాడు. కొబ్బరి చీపురులోంచి పుల్ల తీసి, కొస చెక్కి, మూడు సందులూ తనే గీరాడు. నల్లటి పొడి తెల్లకాగితం మీద చిటికెడు రాలింది.

ఇంత చేసినా ఇంజను నడవలేదు. కరెంటిస్తే ఉలిక్కిపడేది. చక్రాన్ని వేలితో తోస్తే సగం చుట్టు తిరిగి, కార్బన్ దగ్గర నీలంగా మెరిసి ఆగిపోయేది. అప్పుడు మావయ్య మల్టీమీటరు తీశాడు. మూడు రాగి ముక్కల్లో ఏ రెండిటి మధ్య కొలిచినా రెసిస్టెన్సు ఒకేలా ఉండాలి. మాకు రెండు రీడింగులు ఒకేలా వచ్చాయి, మూడోది సరిగ్గా రెట్టింపు. నాకేం అర్థం కాలేదు. ఆయన ముఖం మాత్రం వెలిగిపోయింది. మూడు చుట్లూ త్రికోణంలా కలిసి ఉంటాయి, అందులో ఒకటి తెగితే కరెంటు మిగతా రెండిట్లోంచీ చుట్టుతిరిగి రావాలి, అందుకే రెట్టింపు. చుట్టంతా కాలిపోలేదు, ఎక్కడో ఒక్కచోట తెగింది. అంతే!

మర్నాడు అల్లిపురంలో ఫ్యాన్లకీ మిక్సీలకీ వైండింగ్ చేసే షాపుకి తీసుకెళ్లాను. ఆయన ఆర్మేచరుని లైటు కిందపెట్టి, భూతద్దంతో చూసి, "సార్, వైండింగ్ బానే ఉంది. తోక ఊడింది" అన్నాడు. కమ్యుటేటరుకి అతికించిన చోట తలవెంట్రుక లాంటి రాగి తీగ తెగిపోయి ఉంది. సముద్రపు తేమకి ఆ అతుకు పచ్చగా పుచ్చిపోయింది. తీగ కొస మీద ఎనామిల్ బ్లేడుతో గీకి, సోల్డరింగ్ చుక్క పెట్టాడు. డబ్బులు వద్దన్నాడు. బలవంతంగా వంద చేతిలో పెట్టి, పాత మిక్సీ కార్బన్లు రెండు అడిగి తెచ్చుకున్నాను. వాటిని ఆకురాయితో అరగదీసి మా ఇంజను సైజుకి తెచ్చాం.

నేను నా తమ్ముణ్ని అడిగేది ఇదే. ఆ రోజు నేను కొత్త మోటారు పెట్టేసి ఉంటే, లేదా రంగు వేయించి గాజుపెట్టెలో పెట్టేసి ఉంటే, జబ్బు ఒక సోల్డరింగ్ చుక్కంత అని ఎప్పటికైనా తెలిసేదా? నడవని ఇంజనుకి రంగు వెయ్యడమంటే జ్వరమొచ్చిన పిల్లాడికి పౌడరు రాయడమే.

నా తప్పు కూడా చెప్పాలి, లేకపోతే ఇది గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది. చక్రాల మధ్య మొండి జిడ్డు కోసం థిన్నరు గుడ్డ వాడాను. అదే గుడ్డతో, అలవాటులో, పక్కగోడ మీద వేలిముద్ర తుడిచాను. ఒక్కసారే. గుడ్డ తీసి చూస్తే 69567లో మొదటి 6 సగం లేదు. బొడ్డు మిగిలింది, తోక పోయింది. అరవై ఏళ్లకి పైగా అరుగు దెబ్బలకీ, తుపానుకీ తట్టుకున్న అంకె నా చేతిలో రెండు సెకన్లు తట్టుకోలేదు. అప్పుడు పట్టిన వణుకు ఇప్పటికీ గుర్తుంది. కొత్త నంబర్లు అచ్చువేసి అమ్మేవాళ్లున్నారు, తెప్పించుకోవచ్చు. తెప్పించలేదు. ఆ సగం 6 ఇక నా వంతు 'ప'.

రంగు విషయంలో నేనింత మొండిగా ఉండటానికి కారణం ఆ రెండు సెకన్లే. సోల్డరింగ్ నచ్చకపోతే తీసి మళ్లీ పెట్టొచ్చు. కార్బన్ అరిగితే ఇంకోటి పెట్టొచ్చు. గీకేసిన రంగు మళ్లీ రాదు. దాని మీద వేసేది ఎంత మెరిసినా, అది బిన్స్ రోడ్డులో వేసిన రంగు కాదు, గాజువాక రంగు. అతని పనితనం మీద నాకు అనుమానం లేదు, నా బండికి వేసింది ఆయనే.

మా నాన్న ఈ గొడవలో ఏ పక్షమూ తీసుకోలేదు. ఆయన చూపు వేరేచోట ఉంది. ఇంజను పై ఒళ్లు విప్పి బల్ల మీద పెట్టగానే, దాన్ని అరచేతిలో ఎగరేసి పట్టుకుని "జింకే కదరా" అన్నాడు. ఆయన జింకులో పనిచేశారు. బయట ఊళ్లవాళ్లకి వింతగా ఉంటుంది గానీ, గాజువాక దారిలో ఎవర్నడిగినా జింకు అంటే హిందుస్థాన్ జింక్ స్మెల్టరే. 1977లో మొదలై 2012లో మూతపడింది. ఆయన అన్నది నిజమే. ఈ ఇంజను ఒళ్లు ఇనుము కాదు, జింకులో నాలుగు శాతం దాకా అల్యూమినియం కలిపి అచ్చు పోసిన మిశ్రమలోహం. "ఇందులో సీసం పడకూడదు. ఇసుమంత పడినా ఏళ్లు గడిచాక లోపల్నుంచి పుచ్చిపోద్ది. మేం తొంభై తొమ్మిది పాయింటు తొంభై తొమ్మిది అని ప్రాణాలు తీసుకునేది అందుకే." రెండో యుద్ధానికి ముందు చేసిన ఎన్నో బొమ్మ రైళ్ల చక్రాలు ఇలాగే ఉబ్బి, బీటలు వారి, చివరికి బిస్కట్టులా పొడైపోయాయి. దానికి మందు లేదు. అతికించలేరు, నయం చెయ్యలేరు. నాన్న టార్చి పట్టుకుని అరగంటసేపు బీటల కోసం వెతికాడు. ఒక్కటీ లేదు. దొరికి ఉంటే నేనూ వాదన మానేసి గాజుపెట్టె కొనేవాణ్ని. నా మొండితనానికి ఆ మాత్రం హద్దుంది.

చివరికి నడిచింది కానీ, నీరసంగా. ఒక్క వ్యాగన్ తగిలిస్తే మూలిగేది, పావుగంటలో ముట్టుకోలేనంత వేడెక్కేది. ఇది నా రెండో తప్పు. ఈ పాత అయస్కాంతాలకి ఒక గుణం ఉంది. ఆర్మేచరు వాటి మధ్య ఉన్నంతసేపూ బలంగా ఉంటాయి. ఆ ఇనుము బయటికి తీసేసి, బదులుగా ఇంకో ఇనుపముక్క అడ్డం పెట్టకపోతే బలం జారిపోతుంది. అయస్కాంతం బలహీనపడితే మోటారు ఎక్కువ కరెంటు తాగి వేడెక్కుతుంది. మావయ్యకి ఇది తట్టలేదు, డీజిల్ ఇంజను మోటార్లలో అయస్కాంతం కూడా కరెంటుతోనే పుడుతుంది కదా. నేను ఆర్మేచరు తీసి నాలుగు రోజులు అల్లిపురంలో వదిలేశాను. దాంతో పాత అయస్కాంతం దిమ్మ తీసి, నియోడిమియం అయస్కాంతం బిళ్లలు రెండు పెట్టాల్సి వచ్చింది. తమ్ముడు ఊరుకుంటాడా? "ఇంకేం, నువ్వూ మార్చేశావుగా!" మార్చాను. కానీ పాత దిమ్మ పారెయ్యలేదు, గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టాను. మళ్లీ అయస్కాంతం ఎక్కించేవాళ్లు దొరికిన రోజున పది నిమిషాల్లో దాని చోటు దానికిచ్చేస్తాను. వాడి స్ప్రే రంగుకి ఆ పది నిమిషాలు ఎక్కడున్నాయి?

మా అమ్మాయిది మూడో పక్షం. "నాన్నా, రంగూ వద్దు, నడపనూ వద్దు. బీచ్‌లో కుర్సుర కదుల్తోందా? అయినా రోజూ జనం టికెట్టు కొని చూడట్లేదా?" గట్టి ప్రశ్నే. ఐఎన్ఎస్ కుర్సుర 2001 వరకూ నేవీలో పనిచేసి, ఆ మరుసటేడు ఆర్కే బీచ్ ఇసకలో మ్యూజియమైంది. తొంభై మీటర్ల జలాంతర్గామిని ఎవరూ ఇంట్లో నడుపుకోలేరు, నిజమే. కానీ అక్కడ లోపలికెళ్లినప్పుడు నువ్వేం చేశావో గుర్తుందా అన్నాను. ప్రతి చక్రం దగ్గరా, ప్రతి లీవరు దగ్గరా ఆగి, ఇది తిప్పితే ఏమవుతుంది అని అడిగింది. ఎనిమిదేళ్ల పిల్లకి కావాల్సింది అదే. నడపడానికి చేసిన వస్తువుని చూడగానే తిప్పాలనిపిస్తుంది. 1855లో లీడ్స్‌లో తయారైన ఫెయిరీ క్వీన్ అనే ఆవిరి రైలింజను కూడా ఏళ్లపాటు మ్యూజియంలో నిలబడి, 1997లో మళ్లీ ఢిల్లీ నుంచి అల్వార్‌కి ప్రయాణికుల్ని తీసుకెళ్లింది. దానికి రంగు వేశారు కదా అని తమ్ముడు. అది ఎండలో వానలో తిరిగే ఇనుము, రంగు దానికి గొడుగు. మన ఇంజను అల్మరాలో ఉండేది. దీనికి గొడుగెందుకు?

అరుగుదల సంగతి మాత్రం ఒప్పుకోవాలి. నడిపితే అరుగుతుంది. అందుకే నెలకోసారే, పది నిమిషాలే. అయినా మా ఇంజన్ని ఇన్నాళ్లూ తిన్నది పరుగు కాదు, బీరువా మీది తేమ.

నాన్న పుట్టినరోజు మొన్న కార్తీకంలో అయింది. ఎనిమిది పట్టాల్లో నాలుగే పనికొచ్చాయి, మిగతావి తుప్పుకి చిల్లులు పడ్డాయి. నాలుగు వంపులంటే సగం గుండ్రం. హాల్లో సోఫా కాలు దగ్గర మొదలుపెట్టి టీవీ బల్ల దాకా వేశాం. పాత ఇంటర్నెట్ రౌటరు అడాప్టరు 12 వోల్టులది, వైరు కొస కోసి రెండు క్లిప్పులు పెట్టాను. ఇంజను వెనక ఒకే వ్యాగన్, అందులో నాలుగు పుట్నాల పప్పులు. నాన్న కింద కూర్చోలేరు, కుర్చీ జరుపుకుని ముందుకి వంగి కూర్చున్నారు. మావయ్య స్విచ్ వేశాడు. ముందు కాలిన నూనె వాసన వచ్చింది, తర్వాత ఇంజను కదిలింది. టీవీ బల్ల దగ్గర పట్టా అయిపోతుందనగా స్విచ్ ఆపేశాడు.

"ఇప్పుడు వైర్లు అటుది ఇటు, ఇటుది అటు మార్చమ్మా" అన్నారు నాన్న, మా అమ్మాయితో. డీసీ కదా, వైర్లు మారిస్తే మోటారు వెనక్కి తిరుగుతుంది. లారీ బ్యాటరీ రోజుల్లో అరుగు మీద ఆయన కనిపెట్టిన కిటుకు అది. అమ్మాయి క్లిప్పులు మార్చింది. ఇంజను వ్యాగన్ని తోసుకుంటూ, వెనక తొట్టి ముందుకి పెట్టుకుని తిరిగొచ్చింది. తలకట్టు లేని 'ప' మా వైపుకి వచ్చి, సోఫా కాలు దగ్గర ఆగింది.

"బ్యాటరీతో ఇంకా స్పీడుగా వెళ్లేదిరా" అన్నారు నాన్న. తమ్ముడు వీడియో కాల్లో ఉన్నాడు. "ఆ బఫరైనా సరిచేయించకపోయావా అన్నయ్యా" అన్నాడు.